మావారి పదహారు బోరు

మావారు పోయిన రోజున తుపాకీ ఇంట్లో లేదు. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఆ ఏడూ ఆయనే ఆటోలో తీసుకెళ్లి ఇచ్చి, రసీదు తెచ్చి బీరువాలో పెట్టారు. పోలింగు ఇంకా కాలేదు. ఒక ఉదయం కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందన్నారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

కర్మలు ముగిసి, చుట్టాలు ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయాక స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఎన్నికలైపోయాయి, సారుని వచ్చి తుపాకీ తీసుకెళ్లమనండి అన్నాడు కానిస్టేబులు. ఆయన లేరని చెప్పాను. అవతల రిజిస్టరు పేజీలు తిప్పిన చప్పుడైంది. తర్వాత మెల్లగా, అయితే అది మీ పేరున లేదు కదమ్మా, ఇవ్వడం కుదరదు అన్నాడు.

మాకు పిల్లలు లేరు. మావారు కాలువల శాఖలో పనిచేశారు. నేను బందరులోనే ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ తుపాకీ మా మామగారి తండ్రి కొన్నది. దివిసీమలో వాళ్ల పొలం సముద్రానికి దగ్గర. అడవిపందులు వేరుశనగ చేలు తవ్విపోస్తుంటే వాటికోసం కొన్నారట. రెండు గొట్టాలు, వాటి వెనక తూటాని కొట్టి పేల్చే రెండు గుర్రాలు, పాతకాలపు పదహారు బోరు. ఊళ్లో మిగతావాళ్ల దగ్గర ఉండేవి పన్నెండు బోరు తుపాకులు. పదహారు అంటే గొట్టం కొంచెం సన్నం, బరువు కొంచెం తక్కువ. దానికి పట్టే తూటాలు బజార్లో ఏనాడో మాయమైపోయాయి. అందుకని మావారు ఇత్తడి తూటాలు దాచుకుని, పేలినవాటినే కడిగి ఎండబెట్టి మళ్లీ నింపుకునేవారు.

ఆ పని ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నమే. వరండాలో చాప పరిచి, దానిమీద దుప్పటి వేసి కూర్చునేవారు. తుపాకీమందు ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేసేవారు. బందరు ఉక్కలో ఫ్యాను లేకుండా కూర్చోవడం ఏమిటని సణుగుతూనే నేనూ పక్కన చేరి బిళ్లలు కోసేదాన్ని. మందుకీ సీసపు గుళ్లకీ మధ్య దళసరి అట్టబిళ్లలు పెట్టి బిగించాలి. మా ఇంటికొచ్చిన పెళ్లికార్డులన్నీ అందుకే పోయేవి. శుభలేఖ చేతికిస్తే ఆయన చదవడానికి ముందు అంచు నొక్కి, ఎంత మందంగా ఉందో చూసేవారు. ఇచ్చినవాళ్లకి ఆ సంగతి తెలియదు కనక బతికిపోయాం. గుండ్రంగా కోసే ఇనప ఉలి కార్డు మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే బిళ్ల ఊడిపడేది. దానిమీద పెళ్లికూతురి పేరు సగమో, కల్యాణమంటపం సగమో ఉండేది.

ఆ పని చేస్తున్నంతసేపూ మేం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆయన వంట చేయరు, నేను పొలం లెక్కలు చూడను. ఆలోచిస్తే, అన్నేళ్ల కాపురంలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని చేసిన పని అదొక్కటే. అంతా అయ్యాక, ఈసారి నువ్వూ కాల్చి చూడరాదూ అనేవారు. నాకెందుకండీ అనేదాన్ని.

ఆయన పోయాక అందరూ ఒకటే చెప్పారు, సరెండర్ చేసెయ్యమని. మా అక్క చెప్పింది. దివిసీమలో ఉన్న మా మరిదీ చెప్పాడు. నాకూ అదే సబబనిపించింది. సరెండర్ కాగితం రాసుకుని స్టేషన్‌కి వెళ్లాను. గుర్తుపట్టి చూసుకోండమ్మా అని లోపల్నుంచి తుపాకీ తెచ్చి బల్లమీద పెట్టారు.

బందరు గాలిలో ఉప్పుంటుంది. నూనె రాసేవాళ్లు లేకపోతే ఇనుము ఆగదు. గొట్టాలమీద ఎర్రటి పొడి లేచి ఉంది. భుజానికి ఆనించే వెనక కర్ర మెడ దగ్గర పాత చీలిక ఒకటి ఉండేది. మావారు దానికి నల్లదారం చుట్టి లక్క పూశారు. ఆ దారం వదులై, ఒక పోగు ఊడి వేలాడుతోంది. దాన్ని వేలికి చుట్టి మళ్లీ లోపలికి దోపబోయాను. నిలవలేదు. సంచిలో ఉన్న కాగితం బయటికి తీయకుండానే, దీన్ని నా పేరున మార్చుకోవాలంటే ఏంచేయాలండీ అని అడిగాను.

చాలా తిరగాల్సి వచ్చింది. డాక్టరు సర్టిఫికెట్, మరిది దగ్గర అభ్యంతరం లేదన్న సంతకం, తుపాకీ జాగ్రత్తగా వాడడం గురించి కొంత శిక్షణ, మళ్లీ స్టేషన్లో విచారణ. ఎస్సై నా విద్యార్థుల వయసువాడు. కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించాడు.

"ఎందుకు మేడమ్ మీకీ తుపాకీ?" అని అడిగాడు.

పొలానికని చెప్పమని కలెక్టరాఫీసులో లైసెన్సులు చూసే గుమాస్తా ముందే చెప్పి ఉంచాడు. అదే చెబుదామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నానండీ."

ఆ మాట అంతకుముందు పైకి అని ఎరగను. దొంగల భయంతో అన్నాననుకున్నాడేమో, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అని అడిగాడు. ఎవరూ పెట్టడంలేదన్నాను. ఎవరూ రావడమే లేదని చెప్పలేదు. అతను కలం తీసి 'కుటుంబంలో తరతరాలుగా వస్తున్న ఆయుధం' అని రాసుకున్నాడు.

లైసెన్సు చేతికొచ్చి తుపాకీ ఇంటికొచ్చేసరికి వానలు వెనకబట్టాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఇత్తడి బ్రష్‌తో రోజూ కొంచెం కొంచెం తుప్పు తీశాను. మధ్యాహ్నం భోజనమయ్యాక సాయంత్రం పాలవాడు వచ్చేదాకా గంటలు నడవని కాలం ఉంటుంది. ఆ వేళ ఇది పనికొచ్చింది. చేతులకి తుప్పు వాసన పట్టి, అన్నంలో కూడా వచ్చేది. తర్వాత గొట్టాలు విజయవాడలో లైసెన్సున్న షాపుకి తీసుకెళ్లి చూపించాను. షాపాయన లోపలికి లైటు వేసి చూసి, గుంటలున్నాయిగానీ నిలుస్తాయి, మందు మాత్రం ఎక్కువ పెట్టకండి అన్నాడు. దీన్ని వదిలించుకుని పన్నెండు బోరు తీసుకుంటే తూటాల బాధ ఉండదని కూడా అన్నాడు. వద్దన్నాను. మందూ, తూటా అడుగున పెట్టే క్యాపులూ, సీసపు గుళ్లూ లైసెన్సు మీద రాసి కొంచెం ఇచ్చాడు.

కర్ర పని గుడివాడలో చేయించాను. స్టేషను రోడ్డు వెనక పాత సామాను పాలిష్ చేసే పెద్దాయన ఉన్నాడని తెలిసినవాళ్లు చెప్పారు. కర్ర ఒక్కటీ ఊడదీసి, పాత చీరలో చుట్టి, బుట్టలో పెట్టుకుని బస్సెక్కాను. పక్క సీటామె అది వీణ ముక్కా అని అడిగింది. అవునన్నాను.

పెద్దాయన మొదట ముట్టుకోలేదు. లైసెన్సు చూపించాక కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చీలికలో జిగురు దింపి, లోపల సన్నటి ఇత్తడి సీల వేస్తే మళ్లీ దారంతో పని ఉండదన్నాడు. పాత పాలిష్ మొత్తం గీకేసి కొత్తది వేస్తానన్నాడు. కర్ర ఎడంపక్క, పైకి, అరచేతి వెడల్పున ఒక చోట రంగు పోయి నున్నగా మెరుస్తుంది. కాల్చేటప్పుడు చెంప ఆనేది అక్కడే. మా మామగారి తండ్రిదీ, మామగారిదీ, మావారిదీ, ముగ్గురి చెంపలూ అక్కడే ఆనాయి.

"ఇక్కడ మాత్రం ఉప్పుకాగితం పెట్టకండి" అన్నాను.

"అక్కడ వదిలేస్తే అతుకేసినట్టు కనబడుద్దండీ."

"కనబడనివ్వండి."

ఆయన సుద్దముక్కతో ఆ చోటు చుట్టూ గీత గీశాడు. జిగురు ఆరేదాకా వారం ఆగి రమ్మన్నాడు. తిరుగు బస్సుకి టైముందని హోటల్‌కి వెళ్లాను. ఎంతమందండీ అని అడిగాడు గుమ్మం దగ్గరున్నతను. ఒక్కర్తినే అన్నాను. గుడివాడ మాకు కొత్త కాదు. ధాన్యం పనిమీద మావారితో ఎన్నిసార్లు వచ్చానో, ఎన్నిసార్లు అక్కడ భోంచేశామో. ఎదుటి కుర్చీలో ఎవరో కాలేజీ కుర్రాడు వచ్చి కూర్చుని, ఫోను చూసుకుంటూ తిని వెళ్లిపోయాడు. అతని చెయ్యి నా నీళ్ల గ్లాసుకి తగిలినప్పుడు సారీ ఆంటీ అన్నాడు. బస్సు దిగాక ఆ రోజు పనిలేకుండా నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే.

గొట్టం కొసన గురి చూసుకునే ఇత్తడి పూస కూడా ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని చిలకలపూడిలో చేయించాను. రోల్డుగోల్డు ముక్కుపుడకలు చేసే ముస్లిం దంపతులు, ఇద్దరూ కలిసి పనిచేస్తారు. కొలత చూపిస్తే ఆయన ఇత్తడి ముక్కని గుండ్రంగా అరగదీసి ఇచ్చాడు, ఆవిడ మెరుగు పెట్టింది. పని చేస్తున్నంతసేపూ ఆవిడ ఏదో అంటూ ఉంటే ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. పూస చేతికొచ్చినా కాసేపు అక్కడే కూర్చున్నాను. టీ తెప్పించారు. అది తాగడం కూడా అయిపోయింది.

కర్ర బిగించి, పూస ఎక్కించి, ఒక ఆదివారం వరండాలో చాప పరిచాను. ఫ్యాను ఆపాను. బీరువా కింద అరలో మావారి సరంజామా అంతా అలాగే ఉంది. మందు పోసే చిన్న ఇత్తడి గిన్నె, కూరే కర్ర, ఉలి. పెళ్లికార్డులకీ లోటు లేదు. అయితే ఒక్కర్తినే చేస్తుంటే చేతులు చాలలేదు. తూటా పట్టుకోవాలి, బిళ్ల దించాలి, కూరాలి. ఆయన పట్టుకుంటే నేను కోయడం, నేను అందిస్తే ఆయన కూరడం అలవాటు. మొదటి తూటాలో బిళ్ల అడ్డంగా పడింది. మొత్తం ఒంపేసి మళ్లీ మొదలుపెట్టాను. మధ్యలో "ఇది పట్టుకోండి" అన్నాను. అనేశాక వీధిలోకి చూశాను, ఎవరైనా విన్నారేమోనని. సాయంత్రానికి నాలుగు తూటాలు తయారయ్యాయి.

మరుసటి వారం కారు మాట్లాడుకుని దివిసీమ వెళ్లాను. నాగాయలంక దాటాక మా మరిది వాళ్ల ఊరు. వేరుశనగ చేలు ఎక్కడా లేవు, అన్నీ రొయ్యల చెరువులే. పిట్టలు దిగకుండా చెరువుల మీద అడ్డంగా తాళ్లు కట్టారు, వల పరిచారు. చప్పుడు చేసే మిషనొకటి గట్టుమీద ఉంది. దానంతటదే మోగుతుంది. ఇక్కడ తుపాకీతో పనేం లేదు వదినా అన్నాడు మరిది, కొంచెం మొహమాటంగా. నాకు తెలుసు. పనుండి రాలేదన్నాను.

చెరువులు దాటి, మడ చెట్ల దగ్గర ఎవరూ తిరగని చోటికి తీసుకెళ్లాడు. తల పోయిన తాడిచెట్టు ఒకటి మోడుగా నిలబడి ఉంది. ఒక తూటా పెట్టి, గుర్రం వెనక్కి లాగి, ఆ నున్నటి చోట చెంప ఆనించాను. చల్లగా ఉంది. మరిది వెనక నిలబడి, భుజానికి గట్టిగా అదిమి పట్టుకోండి వదినా అంటున్నాడు. పూసని మోడుకి గురిపెట్టి మీట నొక్కాను.

చప్పుడు చెవుల్లో ఈలలా మిగిలింది. తెల్లటి పొగ కమ్మేసి కాసేపు ఏమీ కనబడలేదు. పొగ విడుతుంటే కాలిన అట్టముక్కలు తిరుగుతూ బురదలో దిగాయి. దూరంగా మడల్లోంచి కొంగలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి. మోడుకి తగిలిందో లేదో చూడడానికి వెళ్లలేదు.

"అన్నయ్య ఉండి ఉంటే..." అన్నాడు మరిది. నేను తిరిగి చూసేసరికి నీళ్లవైపు చూస్తున్నాడు. మళ్లీ కాలుస్తారా అని అడిగాడు. చాలన్నాను.

తోడికోడలు భోజనం పెట్టింది, రాత్రికి ఉండమంది. గొట్టాలు వెంటనే వేణ్నీళ్లతో కడగకపోతే తుప్పు పడతాయని చెప్పి బయల్దేరాను. అది నిజమే. ఇంటికొచ్చి కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, తుపాకీని బీరువాలో పెట్టి తాళం వేశాను. చేరారా అని తోడికోడలు ఫోను చేసింది. చేరానన్నాను.

మర్నాడు పొద్దున స్నానం చేస్తుంటే చూసుకున్నాను, కుడి భుజం కింద వక్కంత నల్లటి మచ్చ. సాయంత్రానికి అరచేతంత అయింది. చెయ్యెత్తితే నొప్పి. చూపించి, చూడండి ఎలా కమిలిపోయిందో అనడానికి ఇంట్లో మనిషి లేడు. అక్కకి ఫోన్లో చెబితే తిడుతుంది. ఎడంచేత్తో అందినంతమేర జండూబామ్ రాసుకున్నాను. తర్వాత కొన్నాళ్లపాటు రోజూ అద్దం ముందు నిలబడి జాకెట్టు పక్కకి లాగి చూసుకునేదాన్ని. నలుపు ఊదా అయింది, ఊదా పసుపు అయింది. ఒకరోజు చూస్తే ఏమీ లేదు. అయినా వేలితో నొక్కి చూశాను, ఇంకా ఎక్కడైనా నొప్పి మిగిలిందేమోనని.