రెండు దేశాల తాంబూలం

నా కూతురు కృష్ణగిరి కాలేజీలో పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చదువుతోందని చెబితే, మా ఊరు కల్లావి వైపు మనుషులు మొదట అడిగేది "ఏ పార్టీ?" అని. చదువమ్మా, పార్టీ కాదు అంటే నమ్మరు. వాళ్ళను అని ఏం లాభం, నేనూ నమ్మలేదు. నర్సు చదివితే సూది వేస్తుంది. టీచరు చదివితే పలక పట్టిస్తుంది. దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చదివి ఇది ఎవరితో మాట్లాడుతుంది? ఏ దేశం వచ్చి మా తలుపు తడుతుంది?

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. దాని పుస్తకాల్లో ఏముందో నాకు తెలిసే దారి లేదు. అందుకని అది ఫోనులో మాట్లాడేటప్పుడు మేకలకు నీళ్ళు పెడుతున్నట్టు దొడ్డి గోడ పక్కన నిలబడి వినేదాన్ని. ఒక సాయంత్రం ఇలా అంది:

"నువ్వు ఒప్పుకుంటే చాలు, మా పక్క నేను చూసుకుంటాను. శుక్రవారం సంతకాలు పెట్టేస్తే అయిపోతాది. మా అమ్మకా? ఇప్పుడేం చెప్పలేదు."

అటువైపు మగపిల్లవాడి గొంతు. నా చేతిలో బక్కెట అలాగే ఉండిపోయింది. ఈ కాలంలో సంతకాల పెళ్ళిళ్ళ గురించి నేను విననిదాన్నా?

ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చి అడిగింది కదా, "అమ్మా, నీ పచ్చ పట్టుచీర ఇస్తావా? శుక్రవారం కట్టుకుంటాను."

"ఏంటికే?"

"కాలేజీలో ప్రోగ్రాం."

"ఏం ప్రోగ్రాం?"

"చెప్తే నీకు అర్థం కాదులేమ్మా."

చీర తీసి ఇచ్చాను. ఇవ్వకపోతే దానికి అనుమానం వస్తుంది. నా అనుమానం దానికి తెలియకూడదు.

మా అన్న ఊత్తంగరైలో ఉంటాడు. నా మొగుడు పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఆయన మాటే మాట. ఆయనకు చెప్పాను. "నువ్వే పోయి నీ కండ్లతో చూసి రా. ఏమన్నా ఉంటే ఆ పొద్దే చదువు మాన్పించేస్తాం. నా కొడుక్కి చేసుకుంటాను, మాట బయటికి పోదు" అన్నాడు. అంత తొందరగా ఆ మాట ఎత్తేసరికి, పిల్ల మీదున్న అనుమానం కొంచెం ఆయన మీదికీ పోయింది. అయినా సరేనన్నాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో పెళ్ళి ఖాయం చేసుకునేటప్పుడు రెండు పక్కలవాళ్ళూ తాంబూలం తట్టలు మార్చుకుంటారు. తట్ట చేతులు మారిందంటే మాట అయిపోయినట్టే, ఇక వెనక్కి తీసుకునేది లేదు. నా పెద్దకూతురి తట్టను మా అన్న, వదిన పట్టుకున్నారు. మొగుడు లేనిదాన్ని కదా, నేను వంటింటి తలుపు వెనక నుంచి చూశాను. కన్నది నేను, పట్టుకున్నది వాళ్ళు.

శుక్రవారం అది ఎక్కిన బస్సు కాకుండా వెనక బస్సు ఎక్కాను. కాలేజీలో వాచ్‌మనును అడిగి ప్రోగ్రాం జరిగే హాలు దగ్గరికి పోయి కిటికీలో నుంచి చూశాను. నా కూతురు నా పట్టుచీరలో ఉంది. ఎదురుగా తెల్ల చొక్కా పిల్లవాడు. చుట్టూ జనం. వాళ్ళిద్దరి నడుమ బల్ల మీద ఇత్తడి తట్ట. తట్టలో హోసూరు గులాబీలు, కలకండ, వాటి మధ్య ఎర్ర గుడ్డ చుట్టిన అట్ట. నా కూతురే రెండు చేతులతో ఆ తట్ట ఎత్తింది. నేను తలుపు తోసుకుని లోపలికి పోయాను.

నాది మొదటి నుంచీ బొంగురు గొంతు. ఆ రోజు ఆ గొంతుకు హాలంతా తిరిగి చూసింది.

"పెట్టే కింద! పెద్దోళ్ళు లేకండా తట్ట మార్చుకుంటారా? ఎవుర్రా నువ్వు? మీ అమ్మానాయన యాడ?"

వాడు బెదిరిపోయాడు. "మాది హోసూరమ్మా. నేను... నేను పై దేశం."

"దేశం తర్వాత చెప్పు. ఎవురి కొడుకువో అది చెప్పు ముందు."

అందరూ నవ్వారు. నా కూతురు నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇది మా పాఠం. ఆయప్ప పై దేశం, నేను కింది దేశం. నది నీళ్ళు ఎంత వదలల్లో మాట్లాడి ఒప్పందం చేసుకుంటా ఉండాము. దీనికే మాకు మార్కులు" అంది.

"నీళ్ళకు పట్టుచీర ఏంటికే?"

"దేశం తరఫున పోతే బాగా పోవల్ల గదా."

"మరి తట్ట?"

వాళ్ళ మేడం లేచింది. "కాగితాలు ఉత్త చేత్తో ఇస్తే బాగుండదని నేనే పెట్టమన్నానమ్మా. వచ్చినారు గదా, ఈ తట్ట మీరే పట్టుకోండి. రెండు దేశాలకూ నడాన ఒకరు ఉండల్ల."

"నేను పట్టకూడదు."

"ఏంటికి?"

"ఆయన లేడు."

"దేశాలకు అదంతా లేదమ్మా."

ఎగతాళి చేస్తోందేమోనని ఆమె మొహం చూశాను. నా కూతురి మొహం చూశాను. నవ్వు ఎక్కడా లేదు. చీర చెంగుకు చేతులు తుడుచుకుని పట్టుకున్నాను. కలకండ జరిగి తట్టకు తగిలి చప్పుడైంది.

సంతకాలకు ముందు ఆ కాగితాలు విప్పి వాళ్ళు ఇంకా చాలాసేపు వాదించుకున్నారు. నాకు సగం అర్థం కాలేదు. ఎండాకాలం నీళ్ళ దగ్గర మాత్రం నా కూతురు పట్టుబట్టి, వాడి చేత ఒక వరుస కొట్టేయించి మళ్ళీ రాయించింది. అప్పుడే సంతకం పెట్టింది. పిల్ల అంత గట్టిగా మాట్లాడగా నేను మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అన్న ఫోను. పక్కన కూతురు కిటికీలోకి మొహం పెట్టుకుని కూర్చుంది. చదువు ఆగిపోతుందనే అనుకుంటోందని నాకు తెలుసు.

"ఏమ్మా, పెండ్లేనా?"

"కాదన్నా, నీళ్ళ పాఠం. తట్ట ఉండె. నేనే పట్టినాను."

"నువ్వా? నువ్వు తట్ట పట్టేదేంది? ఎవురూ ఏమీ అన్లేదా?"

"అన్లేదు. దీని పెండ్లి తట్ట కూడా నేనే పడతాను. అది ఎప్పుడో ఇదే చెప్తాది. అంతదాంకా చదువుకుంటాది. నీ కొడుక్కి వేరే పిల్లను చూడన్నా."

ఆయన ఫోను పెట్టేశాడు. నా కూతురు మొహం తిప్పలేదు కానీ, కిందికి జారిన నా చీర చెంగును దుమ్ము అంటకుండా పైకి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

కొంతదూరం పోయాక అడిగాను. "ఆ హోసూరు పిల్లోడు నీళ్ళు వదుల్తాడా నిజంగా?"

"సంతకం పెట్టినాడు గదమ్మా."

"సంతకం నేను కూడా పెడతానే."

అప్పుడు నవ్వింది. చదువు సంగతి నాకు కొంత తెలిసింది, ఒప్పుకుంటాను. కానీ సంతకం అయ్యాక తట్టలో నుంచి ఒక గులాబీ తీసి వాడు దాని చేతికి ఇచ్చాడు. అది ఏ పాఠంలో ఉందో నేను ఇంకా అడగలేదు.