నీళ్లు చల్లని బల్ల

మా అల్లుడు నెల రోజులుగా ఒక మిషన్ కొనాలని చూస్తున్నాడు. చెక్కను నున్నగా రుద్దే మిషన్, బ్యాటరీతో నడిచేది, తీగ ఉండదు. దాంతో అతను చేయబోయేది ఒక చెప్పుల స్టాండు. ఎన్ని వోల్టులు ఉండాలి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి, అడుగు గుండ్రంగా ఉంటే మంచిదా పలకగా ఉంటే మంచిదా, పొట్టు పట్టే సంచి నిజంగా పనిచేస్తుందా, ఒక బ్యాటరీ చాలునా రెండోది కూడా తీసుకోవాలా అని భోజనాల దగ్గర కూడా అవే మాటలు, చేతిలో అవే వీడియోలు. అతను ఆ వీడియోలు చూసిన సమయంలో ఊరందరికీ చెప్పుల స్టాండ్లు తయారయ్యేవి. నేను వడ్రంగి కొడుకును కనుక మొన్న నా సలహా కూడా అడిగాడు. ఏ చెక్కతో చేస్తున్నావని అడిగాను. అది ఇంకా అనుకోలేదన్నాడు. నేను పేపరు తీసి చదువుకున్నాను.

అతనికి చెప్పని సంగతి మీకు చెబుతాను, మీరు నా వయసు వాళ్లు కనుక.

అలాంటి మిషన్‌ను నేను మొదటిసారి చూసింది తొంభైల నడుమ, ఆలేరులో, మా నాన్న రేకుల షెడ్డు ముందు. మా బావ, అంటే మా అక్క భర్త, సౌదీలో ఒక ఫర్నిచర్ కార్ఖానాలో కొన్నేళ్లు పనిచేసి తిరిగి వస్తూ దాన్ని తెచ్చాడు. అందరూ టేప్ రికార్డర్లు, దుప్పట్లు, అత్తరు సీసాలు తెచ్చేవాళ్లు. మా బావ అవి కూడా తెచ్చాడు కానీ ఆ మిషన్‌ను మాత్రం పెట్టెలోంచి తీసి, చూపించి, మళ్లీ పెట్టెలోనే పెట్టేవాడు. అక్కడి దుకాణంలో పది రకాలు ఉంటే చేతిలో పట్టుకొని బరువు చూసి, చెవి దగ్గర పెట్టి చప్పుడు విని, దీన్నే ఎంచుకున్నానని ఎంత గర్వంగా చెప్పేవాడో, మా అక్కను చూసుకోవడానికి వచ్చినప్పటి సంగతి కూడా అంత గర్వంగా ఎన్నడూ చెప్పలేదు.

ఆ రోజుల్లో కరెంటు ఎట్లా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. పొలాల మోటర్లకు ఇస్తే ఊళ్లో ఉండదు, ఊళ్లో ఇస్తే పొలాల వాళ్లు సబ్ స్టేషన్ ముందు కూర్చుంటారు. అందుకే, కరెంటు లేకున్నా నడిచే మిషన్ అనేసరికి మా వాడకట్టంతా కదిలివచ్చింది. ఆ కరెంటు లేని మిషన్ కూడా ముందు కరెంటు తాగాలన్న సంగతి వాళ్లలో ఎవరికీ తట్టలేదు. మా బావకు తట్టింది కానీ చెప్పలేదు.

అప్పుడు మా నాన్న చేస్తున్నది మసీదుకు ఒక బల్ల. మాలో మనిషి పోతే మసీదు నుంచి బల్ల తెచ్చి, దాని మీద పడుకోబెట్టి, రేగాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయిస్తారు. పాత బల్ల పగిలిపోయింది. మా నాన్నకు అప్పటికే ఊపిరితిత్తులు చెడిపోయి దవాఖాన వాళ్లు కూడా ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ బల్ల మొదట ఎవరికి అక్కరకు వస్తుందో ఆయనకు తెలుసు. మాకూ తెలుసు. దాని గురించి ఎవరం మాట్లాడలేదు, ఆయన తప్ప. కొలతలు తీసుకునేటప్పుడు మసీదు వాళ్లు ఎంత పొడుగు కావాలని అడిగితే తన మంచం చూపించి, "నేను పడితే సాలు, నాకంటె పొడుగోడు ఈ బస్తీల లేడు" అన్నాడు.

చెక్క వేప. పురుగు పట్టదు కానీ దాని నార ఒక దిక్కున పోదు, అల్లుకొని ఉంటుంది. రందతో చిత్రిక పట్టడం, కాళ్లు బిగించడం ఎట్లాగో పూర్తి చేశాడు. రుద్దడం మిగిలింది. ఆ దుమ్ము ఆయన ఊపిరికి పడదు. నేను మేళ్లచెరువు దిక్కున ఒక సిమెంటు కార్ఖానాలో గుమాస్తాను, సెలవు రోజున వచ్చి పోయేవాడిని. నేను వచ్చే వారం సెలవు పెట్టి వచ్చి రుద్దుతానన్నాను. మా బావ నవ్వాడు. వారమెందుకు, చాయ్ తాగేలోపు అవుతుందన్నాడు.

నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, మూతికి దస్తీ కట్టుకొని మొదలుపెట్టాడు. చుట్టూ జనం. మా నాన్న దోస్తు, గొర్లు కాసే కురుమ తాత ఒకాయన ఉండేవాడు, ఆయన కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏం అల్లుడా, గొర్ల ఉన్ని గూడ గొరుగుతదా గిది?"

"గొర్లేంది తాతా, గుండును పెడితె గూడ నున్నగ చేస్తది."

బల్ల సగం అయ్యేసరికి మిషన్ మూలిగి ఆగింది.

"గప్పుడే అలిసిపాయెనా? జర సల్ల తాపియ్యి దానికి" అన్నాడు తాత.

ఊళ్లో కరెంటు లేదు. తీగ లేని ఆ మిషన్ ఆ సాయంత్రమంతా తీగ తగిలించుకొని గోడ పక్కన పడి ఉంది. నేను బస్సుకు వెళ్లిపోయాను. తర్వాత జరిగింది మా అక్క చెప్పింది. మర్నాడు కరెంటు రాగానే బావ మిగతా సగం కూడా కొట్టేశాడు, అటు నుంచి అటే బల్లను ట్రాలీ ఎక్కించి మసీదుకు పంపి, ఇంటికి వచ్చి అయిపోయిందన్నాడు. మంచం మీద ఉన్న మా నాన్న ఒక్కటే అడిగాడట.

"నీళ్లు చల్లినవా?"

"నీళ్లెందుకు మామా? అద్దం లెక్క ఉంది. మొఖం చూసుకోవచ్చు."

"మొఖం ఎవ్వడు చూసుకుంటడురా దాంట్ల? తెప్పియ్యి. నీళ్లు చల్లి మళ్ల రుద్దాలె."

"ఇచ్చిన బల్ల వాపసు తెస్తే నవ్వుతరు మామా. నీకు ఫికర్ ఎందుకు, పండుకో."

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. చెక్కను ఎంత నున్నగా రుద్దినా, మొదటిసారి నీళ్లు తగలగానే అణిగి ఉన్న నార లేస్తుంది. అందుకే నీళ్లతో పని ఉన్న బల్లకు ముందే నీళ్లు చల్లి, నీడన ఆరబెట్టి, లేచిన నారను రేగ్మాల్‌తో, అదే ఉప్పు కాగితంతో, చేత్తో రుద్ది, మళ్లీ నీళ్లు చల్లుతారు. నార లేవడం మానేదాకా ఇదే పని. ఇందులో విద్య ఏమీ లేదు, ఓపిక ఉండాలి. సౌదీలో మా బావ రుద్దినవన్నీ ఆఫీసు టేబుళ్లు, వాటి మీద నీళ్లు పోసేవాళ్లు ఎవరూ లేరు.

నా సెలవు మంజూరయ్యేలోపే మా నాన్న పోయాడు.

బల్లను కడిగి ఆయన్ను పడుకోబెట్టాం. స్నానం చేయించే పెద్దాయన నీళ్లు పోస్తుంటే నేను పక్కన ఉన్నాను. ఒక పక్కకు తిప్పడానికి వీపు కింద చేయి పెట్టినప్పుడు నా వేళ్లకు చెక్క గీసుకుంది. పెద్దాయన కూడా తడిమి చూసి ఆగిపోయాడు.

"ఏం బల్లరా ఇది? పిల్లి నాలుక లెక్కుంది."

మా బావ చుట్టూ కట్టిన పరదా పక్కన నిలబడి, "ఎండినప్పుడు మంచిగనే ఉండె" అన్నాడు.

"నిన్ను ఎండిన బల్ల మీదనే కడుగుతం తియ్యి. పోయి దుప్పటి తే."

దుప్పటి వచ్చేదాకా మేము మా నాన్నను చేతుల మీద ఎత్తి పట్టుకున్నాం. ఆయన బరువేమీ లేడు. ముప్పై ఏళ్లు ఇతరుల తలుపులకు, మంచాలకు, పిల్లల ఊయలలకు ఒక్క పేడు లేకుండా చూసిన మనిషి, తన వంతు వచ్చేసరికి దుప్పటి కోసం ఆగవలసి వచ్చింది. మాట అనడానికి తగిన మనిషిగా కూడా మా బావ అప్పుడు నాకు కనిపించలేదు.

మట్టి ఇచ్చి వచ్చిన తర్వాత నేను డ్యూటీకి పోలేదు. మసీదు వెనుక నీడలో బల్లను పెట్టుకొని, నీళ్లు చల్లడం, ఆరనివ్వడం, రుద్దడం, రోజంతా అదే పని. కొన్ని రోజులకు మా బావ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మిషన్ తేలేదు. నేను తల ఎత్తకుండా ఒక రేగ్మాల్ ముక్క అటు జరిపాను. ఇద్దరం చెరో పక్క నుంచి రుద్దాం. నా కోపం తగ్గలేదు కానీ పని త్వరగా అయింది.

ఆ బల్ల చాలా ఏళ్లు నడిచింది. మా అమ్మకు అదే బల్ల. కొన్నాళ్లకు మా బావకూ అదే బల్ల, నీళ్లు పోసింది నేనే.

ఇప్పుడు మసీదులో స్టీలు బల్ల ఉంది. అడుగున చక్రాలు, పక్కన నీళ్లు పోవడానికి గొట్టం, తల పెట్టే చోట దాని దాత పేరు, దాత తండ్రి పేరు, ఆయన దుకాణం పేరు. చెక్క బల్లను ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారట, అడిగితే కమిటీ వాళ్లకు గుర్తులేదు. స్టీలు బల్ల శుభ్రంగా ఉంటుంది, కాదనను. నీళ్లు కొట్టి తుడిస్తే చాలు. పోయేవాళ్ల కోసం ముందుగా కూర్చొని చేయవలసిన పని మాత్రం ఇప్పుడు ఎవరికీ మిగల్లేదు.