బుడాపెస్ట్‌లో కర్చీఫు వేశాం

సింగపూర్ సెరంగూన్‌లో నెలకోసారి కొందరు తెలుగువాళ్ళం రావు అంకుల్ ఇంట్లో కలిసి, రాసుకున్నవి చదువుకుంటాం. ఈసారి వంతు నాది. "యూరప్ చరిత్ర మీద వచన కవితలు చదువుతా" అని ముందే గొప్పలు పోయాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి జూన్ సెలవుల్లో పన్నెండేళ్ళ మా సాహితితో విమానం ఎక్కాను. వియన్నా, ప్రాగ్ తిరిగేసరికి నోట్‌బుక్ నిండింది. రాజులు, యుద్ధాలు, గోపురాలు అన్నీ వచ్చాయి గానీ, చదువుకుంటే నాకే ఆవలింతలు!

చివరి మజిలీ బుడాపెస్ట్. ఉదయం తొమ్మిదింటికి డాన్యూబ్ ఒడ్డు వెంట నడిచే రెండో నంబరు ట్రామెక్కాం. టికెట్టు సుమారు రెండు సింగపూర్ డాలర్లు, కిటికీ నిండా నది. అక్కడక్కడా దిగి తిరిగి, పదకొండుకు పెద్ద మార్కెట్టు చేరాం. పై అంతస్తులో తిండి దుకాణాలు కిటకిటలాడుతున్నాయి. లాంగోష్ అనే వేయించిన రొట్టె కోసం నేను వరుసలో ఉంటే, సాహితి వచ్చి పక్కన నిలబడింది.

"టేబుల్ దగ్గర ఉండమన్నాగా?"

"చోప్ చేశా మమ్మీ. టిష్యూ లేదు, సో నీ నోట్‌బుక్ పెట్టా. నోబడీ విల్ టేక్ లా!"

చోప్ అంటే సీటు పట్టడం; మా పుంగ్గోల్ హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల చోట, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ సీటు మనదే. ఇక్కడ ఎవరికి తెలుసు? ఆ కవితలకు వేరే ప్రతి లేదు. పరుగున వెళ్తే, టేబుల్ చుట్టూ ఎవరో కూర్చుని తింటున్నారు. నోట్‌బుక్ లేదు. సాహితి మొహం ఏడుపుకి సిద్ధమైంది.

పక్క టేబుల్ నుంచి ఒక ముసలావిడ చెయ్యి ఊపింది. నోట్‌బుక్ ఆవిడ ఒళ్ళో ఉంది! కాఫీ ఎప్పుడో అయిపోయినా కదలకుండా కూర్చుంది.

"వాళ్ళు పక్కకు నెట్టారు, నేను తీశాను" అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "నా చిన్నప్పుడు రొట్టె కోసం పెద్ద వరుసలు. అమ్మ సంచీ పెట్టి పనికి వెళ్ళేది. పక్కింటావిడ కాపలా ఉండేది."

తెనాలి బస్టాండులో కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టినదాన్ని నేను. ఆ సంగతి చేతులు తిప్పి చూపిస్తే ఆవిడ పగలబడి నవ్వింది. జరిగి చోటిచ్చింది. వేడి లాంగోష్ ముగ్గురం తుంచుకుని తిన్నాం. ఆ యాత్రలో నేను అంత సంతోషంగా ఉన్న పూట ఇంకొకటి లేదు. మీరు వెళ్తే గుర్తుంచుకోండి, ఆ మార్కెట్టుకి ఆదివారం సెలవు. మిగతా రోజుల్లో వెళ్ళినా, టేబుల్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి.

సెరంగూన్‌లో పాత కవితలన్నీ పక్కన పెట్టి, తిరుగు విమానంలో రాసిన ఒక్కటే చదివాను. "బస్సులో కర్చీఫు, హాకర్ సెంటర్లో టిష్యూ, రొట్టె వరుసలో సంచీ. మూడూ ఒకే మాట అంటాయి: మావాళ్ళు ఇప్పుడే వస్తారు."

రావు అంకుల్ కళ్ళద్దాలు తుడుచుకుని, "చరిత్ర అన్నావు, రాజులేరమ్మా?" అన్నారు.

"వాళ్ళకి సీటు దొరకలేదంకుల్" అన్నాను.