ఆదివారం గెలిచి బుధవారం అడిగిన నాయన

అది 2023. వేసవి సెలవులు అయిపోయి బళ్లు తెరిచిన నెల. మార్కాపురంలో ఒక న్యాయవాది మేడం ఆఫీసులో లెక్కలు చూసే పని నాది. ఆ లెక్కలు బడిలో కన్నా పలకల ఫ్యాక్టరీలో కూలీలకు షిఫ్టులు వేస్తూ నేర్చుకున్నవే ఎక్కువ. కోర్టులో ఏళ్ల తరబడి నడిచే భార్యాభర్తల తగాదాలను బయటే తేల్చడానికి మా మేడం ‘న్యూట్రల్ ఇవాల్యుయేషన్’ చేస్తారు. అంటే ఏ పక్షానికీ చెందని మనిషి ఇద్దరి మాటా విని, కేసు కోర్టుకు వెళ్తే తీర్పు సుమారుగా ఎలా ఉండొచ్చో ముందే చెప్పడం. దానికి కట్టుబడాలన్న నిర్బంధం లేదు. ఆస్తులైనా, బిడ్డతో గడిపే రోజులైనా, పంపకాల పట్టికలు గీసేది నేను.

ఆ రోజు వచ్చిన ఇద్దరివీ క్రైస్తవ కుటుంబాలే. దానియేలు దోర్నాలలో, శ్రీశైలం రోడ్డు మీద ఒక హోటల్లో పరోటా మాస్టరు. అతని తల్లి ఉండేది తర్లుపాడు. అతని భార్య సువార్త మార్కాపురంలో అన్న ఇంట్లో ఉంటూ బట్టల దుకాణంలో పనిచేస్తోంది. విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పాప తల్లి దగ్గరే ఉండాలన్నదానికీ ఒప్పుకున్నారు. తెగనిది ఒక్కటే: మూడో తరగతి చదివే బ్లెస్సీకి ఆదివారం ఎవరి దగ్గర?

“ఆదివారం పాప చర్చిలో పాట పాడతాది మేడం. అది మాన్పిస్తే నేను ఊరుకోను,” అంది సువార్త.

“నాయనలందరికీ ఆదివారం ఇస్తారంట. నేనేం పాపం చేసినా?” అన్నాడు దానియేలు.

ఇది మా దగ్గర తరచూ చూసేదే. ఎప్పుడో ఎవరి కేసులోనో ‘ఆదివారం పది నుంచి అయిదు’ అని రాసి ఉంటారు. తర్వాత వచ్చేవాళ్లంతా దాన్నే పట్టుకుంటారు. ఆదివారం పోతే బిడ్డ పోయినట్టేనని చుట్టాలు ఎక్కిస్తారు.

మేడం ఇద్దరినీ విడివిడిగా విని, మళ్లీ కలిపి కూర్చోబెట్టి తన అంచనా చెప్పారు. “విజిటేషన్ అంటే విడిగా ఉన్న తండ్రి బిడ్డను చూసుకునే హక్కు. దాని కింద కోర్టు ఆదివారం పగలు దానియేలుకు ఇచ్చే అవకాశమే ఎక్కువ.”

దానియేలు కుర్చీలో ఒక్కసారి నిటారుగా అయ్యాడు. “చూసినావా! నేను చెప్పలే?”

సువార్త ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. “తీసుకో. కాపురం చేసినన్నాళ్లు ఒక్క ఆదివారమన్నా ఇంటికాడ ఉంటివా? శ్రీశైలం జనమంతా వచ్చేది అప్పుడే గదా. పెనం కాడ నిలబడి పాపను ఫోన్లో చూస్తావా?”

“మా అమ్మ చూసుకుంటాది.”

“అంటే గెలిచేది నువ్వు, చూసేది మీ అమ్మ.”

అతను తల గోక్కున్నాడు. నాకు మాత్రం ఒళ్లంతా హుషారొచ్చింది. ఇద్దరూ కొట్లాడుతున్నది అతను వాడుకోలేని రోజు కోసం!

“ఆదివారం మీ ఓనరు సెలవిస్తాడా?” అని అడిగాను.

“ఏందన్నా, ఆదివారం రాకపోతే ఇంక రావద్దంటాడు. నా సెలవు బుధవారం. ఆ రోజు హోటల్లో ఈగలు తోలుకోవడమే.”

కాగితం లాక్కుని షిఫ్టు వేసినట్టే గీశాను. బుధవారం బడి వదిలినప్పటి నుంచి గురువారం బడి గంట దాకా, రాత్రికి తర్లుపాడులో నాయనమ్మ ఇంట్లో. పాప నిద్ర తీసేసినా ఆదివారం పగటి కన్నా ఎక్కువే వస్తోంది! “మేడం, చూడండి!” అన్న నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. మేడం కాగితం తీసుకుని, సెలవుల్లో బుధవారం పొద్దుటి నుంచే అని కింద చేర్చారు.

సువార్త ఒప్పుకోలేదు. “హోంవర్కు ఎవరు చేయిస్తారు? పొద్దున జడలు ఎవరు వేస్తారు?”

“రోజంతా పరోటాలు చుట్టేటోణ్ణి. జడ అల్లలేనా?”

“ఆ చేతికి నూనె ఎక్కువ. జిడ్డు చేసి బడికి పంపబాక,” అంది. అది ఒప్పుకోవడమేనని మాకు అర్థమైంది.

ఇక మిగిలింది అతను. “ఆదివారం వదులుకున్నానంటే మావోళ్లు నవ్వుతారన్నా,” అన్నాడు మెల్లగా.

“నవ్వేవాళ్లు బడి దగ్గరికొచ్చి పాప కోసం నిలబడతారా?” అన్నారు మేడం.

నేను గీసిన బుధవారం గడి మీద వేలు పెట్టాడు. “బుధవారమే రాయండి మేడం. నేనే నిలబడతా.”

ఒప్పందం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. విడాకుల అర్జీతో పాటు దాన్నీ కోర్టుకు పంపాం. ఆ కేసు తర్వాత నా పట్టిక మారింది. ‘ఏ రోజు కావాలి’ అన్న గడికి ముందు ‘ఏ రోజు ఇంట్లో ఉంటారు’ అన్న గడి పెట్టాను. ఎవరొచ్చినా ముందు అదే అడుగుతాను.

కొన్నాళ్లకు ఒక గురువారం ఆఫీసుకు వెళ్తుంటే బడి గేటు దగ్గర బ్లెస్సీ కనబడింది. ఒక జడ చెవి దగ్గర, ఇంకోటి మెడ దగ్గర. రెండూ తాళ్లలా బిగుసుకున్నాయి. పక్క పిల్ల పకపకా నవ్వుతోంది.

“ఏందే నవ్వుతావు? మా నాయన వేసినాడు!” అని రెండు జడలూ ఊపుకుంటూ లోపలికి పరిగెత్తింది.