ఏరి తెచ్చిన నక్షత్రాలు

ఒక సంచి వేరుశెనగ కాయలతో గెలాక్సీని తలకిందులు చేసిన ఘనుణ్ణి నేను. అదీ ఎక్కడో చాటున కాదు, నాకు ఉద్యోగం ఇవ్వాల్సిన పెద్దల ఎదుటే.

ఎనభైల మొదట్లో అనంతపురంలోని ఒక కాలేజీలో తాత్కాలిక ఫిజిక్సు లెక్చరర్‌ని. ఉద్యోగం ఖాయం కావాలంటే ప్రిన్సిపాలు ముందు, పై ఊరి నుంచి వచ్చే ప్రొఫెసరమ్మ ముందు ఒక పాఠం చెప్పి మెప్పించాలి. నేను నక్షత్రాల పుట్టుకను ఎంచుకున్నాను. ఒకే వాయువుల మబ్బులో పుట్టే నక్షత్రాల్లో పెద్దవి ఏ కొన్నో, చిన్నవి కోకొల్లలు. వెలుగు చాలావరకూ పెద్దవాటిది, బరువు చాలావరకూ చిన్నవాటిది. ఈ పాళ్లు తెలియకుండా వెలుగును చూసి గెలాక్సీని తూచబోతే లెక్క తప్పుతుంది.

ఇది చూపించడానికి బత్తలపల్లెలోని మా చేను నుంచి నాయన పంపిన కాయలు సరిగ్గా సరిపోతాయనుకున్నాను. వానలు ఎగ్గొట్టిన ఏడాది కదా, గుప్పెడు తీస్తే నాలుగు పెద్దవి, మిగతావన్నీ బక్కవి. కానీ పొద్దున్నే సంచి విప్పేసరికి నాకు సిగ్గేసింది. అంత పెద్దల ముందు ఈ బక్క కాయలా? కూర్చుని చిన్నవన్నీ ఏరేసి, మా అటెండరు ఖాదర్‌కు ఇచ్చేశాను. ఎందుకు తెచ్చానో ఆ క్షణం గుర్తుంటే మీకు ఈ కథే ఉండేది కాదు!

“మేడం, ఒక గుప్పెడు తీయండి. దాదాపు అన్నీ చిన్నవే వస్తాయి” అన్నాను ధీమాగా, పాఠం మధ్యలో సంచి ప్రొఫెసరమ్మ ముందు పెట్టి. పొద్దున ఏరేసిన సంగతే మరిచిపోయాను.

ఆమె తీసింది. అన్నీ బొటనవేళ్లంత.

“ఇవి చిన్నవా?”

“ఇంకో గుప్పెడు తీయండి మేడం.”

ఈసారి ఇంకా పెద్దవి. ప్రిన్సిపాలు మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికారు. “ఏమప్పా, నీ మబ్బులో చిన్నవి పుట్టనే లేదా?”

టీ తెచ్చిన ఖాదర్ గుమ్మంలోంచే ఆదుకున్నాడు. “సారూ, చిన్నవన్నీ పొద్దున నాకిస్తిరి కదా!”

“ఇప్పుడు యాడుండాయి?” అన్నారు ప్రిన్సిపాలు.

“మా ఇంట్లో పొయ్యి మీద ఉడుకుతాండాయి సార్.”

ప్రొఫెసరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. “గెలాక్సీలో ముప్పాతిక బరువు పొయ్యి మీదుందన్నమాట! ఫర్వాలేదండీ, ఆకాశాన్ని చూసే మేమూ కంటికి ఆనినవే లెక్కపెట్టి అదే మొత్తమనుకుంటాం. ఇప్పుడు జరిగిందే పాఠంగా చెప్పండి.”

చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఆమె రిపోర్టులో రాసింది మాత్రం ఇది: “బోధన బాగుంది. సరుకు మరీ మేలురకం.”

అందుకే పంచభూతాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇక సృష్టిని చక్కదిద్ది పెద్దలకు చూపించను.