సామ్యేలన్న బ్యాగ్‌పైపు, బాయి సైరన్

గోదావరిఖనిలో షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా నా చూపు ఇప్పటికీ గడియారం వైపు వెళ్తుంది. వేళకే మోగిందని తేలాక గాని పాఠం కొనసాగించలేను. ఈ అలవాటు సామ్యేలన్నది. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక తెలిసినదాన్నీ విన్నదాన్నీ ముందే వేరుచేస్తాను. ఆయన బాయిలో, అంటే బొగ్గుగనిలో, ఫిట్టరుగా పనిచేశాడు. పెళ్లి బ్యాండులో తిత్తినిండా గాలి ఊది వాయించే బ్యాగ్‌పైపు నేర్చుకున్నాడు. ఇవి నిజాలు. ఎవరో తెల్లదొర ఆయన తాతకు ఆ వాద్యాన్ని బహూకరించాడన్నది వినికిడి. దాని మీద ఉత్తరాది దుకాణం ముద్రను నేను స్వయంగా చూశాను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ముందటి సంవత్సరాలవి. ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెపాటలకు రాక్ సంగీతం జోడించిన క్యాసెట్ ఒకటి ఆయనకు చర్చిలో దొరికింది. "గిది మన జాతర లెక్కనే ఉన్నది గదరా!" అని మురిసిపోయాడు. ఆయన పైపు, నా గిటారు, రాజేందర్ డ్రమ్స్, మల్లేశ్ డప్పు కలిసి 'బాయిగాలి' బృందమైంది.

మొదటి ప్రదర్శన కార్మికుల కాలనీలో, సాయంత్రం. గాలితిత్తి నిండుతుండగా పాటకన్నా ముందు ఒక మూలుగు లేచి పెరిగింది. అది సైరన్ అనుకుని ముందు వరుసలోని ఆడవాళ్లు గని గేటు వైపు పరుగెత్తారు. వేళ కాని వేళ సైరన్ మోగితే బాయిలో ప్రమాదమని అర్థం. పక్క వీధి రాజవ్వ పిండి చేతులతోనే ఉరికి, సంగతి తెలిసి వెనక్కి వచ్చింది.

"నీ తిత్తి పాడుగాను సామ్యేలూ! మా ఆయన బాయిల ఉన్నడు. నా పానం పోయినంత పనయింది."

మర్నాడు పైపు, సైరన్ రెండు శబ్దాలనూ పరికరంతో కొలిచాను. శ్రుతులు కలవలేదు.

"అన్నా, రెండు ఒక్కటి కావు. కొలిచి చూసిన."

"నీ మిషన్ ఉరకలేదు గద తమ్మీ. ఉరికింది రాజవ్వ."

అప్పటినుంచి ప్రతి ప్రదర్శనకు ముందు ఆయన గని గేటు దగ్గర వాకబు చేసేవాడు. ఆ తర్వాతే మైకులో, "బాయిల అందరు మంచిగున్నరు. ఇగ మోగేది మా పైపు" అనేవాడు.

కాసిపేటలో ఈ నియమానికి పరీక్ష వచ్చింది. మమ్మల్ని విని, నచ్చితే నగరంలో వేదిక ఇప్పిద్దామని హైదరాబాద్ నుంచి ఒక నిర్వాహకుడు వచ్చాడు. అక్కడి గని గేటు ఫోను ఎవరూ ఎత్తలేదు. మల్లేశ్‌ను బండి మీద గేటుకు పంపి సామ్యేలన్న పైపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఆయన రైలుకు పోవాల్నట! జల్ది షురూ చెయ్యి," అని రాజేందర్ బతిమాలాడు.

"మంచిగున్నరని చెప్పాలె గదరా. తెల్వకుంట ఎట్ల చెప్త?"

"పైపు లేకుంట వాయిద్దాం."

"గిటార్లు వినుడానికి గాయన గింత దూరం వచ్చిండా?"

నిర్వాహకుడు వెళ్లిపోయాడు. జనం మాత్రం కదల్లేదు. మల్లేశ్ మంచి కబురే తెచ్చాడు. సామ్యేలన్న మైకు అందుకోగానే ఒకావిడ అరిచింది: "ఇగ ఊదు కాకా, ఫికర్ లేదు!"

ప్రదర్శన ముగియగానే రాజేందర్ డ్రమ్స్ సర్దుకుని మాకన్నా ముందే వెళ్లిపోయాడు. హైదరాబాద్ మళ్లీ పిలవలేదు. మా పక్కనే ఉన్న జైపూర్ నుంచి, చుట్టుపక్కల కాలనీల నుంచి మాత్రం పిలుపులు పెరిగాయి. ఆ సాయంత్రమే కారణమని నిరూపించలేను, కానీ పిలవడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది, "గేటుకాడ అడిగి వాయించేటోళ్లు మీరేనా?" అని. గోదావరిఖనిలో మేం వాయించినప్పుడల్లా రాజవ్వ ముందు వరుసలోనే కూర్చునేది.

సామ్యేలన్న ఇప్పుడు లేడు. ఒక ప్రశ్న మిగిలింది: గేటు నుంచి ఎప్పుడైనా చెడు కబురు వచ్చి ఉంటే, ఎదురుచూస్తున్న ఆ ముఖాలకు ఆయన ఏం చెప్పేవాడు? జవాబు నాకు తెలియదు, ఎందుకంటే మేం వాయించిన ఏ సాయంత్రమూ అలాంటి కబురు రాలేదు. తేలని ప్రశ్నల్లో, తేలనందుకు నేను సంతోషించేది ఇదొక్కటే.