బొటనవేలికి రెండో ఉద్యోగం

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో టైపిస్టుగా పనిచేసింది. ఇళ్లు అమ్ముకునేవాళ్లూ కొనుక్కునేవాళ్లూ వరండాలో బెంచీల మీద కూర్చుని ఉంటే, లోపల కిటికీ పక్కన ఆవిడ దస్తావేజులు కొడుతూ ఉండేది. తల కాగితం వైపు, చూపు కాగితం మీద. చేతుల సంగతి చేతులే చూసుకునేవి. సెలవుల్లో నేను ఆ గదిలో ఓ మూల స్టూలు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ కునుకు తీసేదాన్ని. మిషను ఆగితేనే మెలకువ వచ్చేది. పిల్లలందరం ఆవిడకి టకటక పిన్ని అని పేరు పెట్టాం. ఆవిడ కోప్పడకపోగా, మాకు రాసే ఉత్తరాల కింద అలాగే సంతకం చేసేది.

చివరి పదేళ్లూ కంప్యూటరు మీద చేసింది. "ఈ మీటలు దూదిలా ఉన్నాయే, కొట్టినట్టే ఉండదు" అని గొణిగేది. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు ఏం కావాలంటే, గోదాములో పడి ఉన్న తన పాత మిషను అడిగి తెచ్చుకుంది.

ఇంటికి వచ్చాక వేళ్లు ఊరుకోలేదు. ఎవరేం మాట్లాడినా బల్ల మీదో, మోకాలి మీదో అవి కదులుతూనే ఉండేవి. విన్నదంతా టైపు చేసేది. మా బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. ఒకరోజు కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయిందని కేకలేస్తూ, మధ్యలో ఆవిడ వేళ్లకేసి చూసి ఆగిపోయాడు.

"ఏమేవ్, నా తిట్లన్నీ కాపీ తీస్తున్నావా?"

"రెండు కాపీలు తీశానండీ. ఒకటి మీరుంచుకోండి."

మేడ మీది గదిలో స్కూలు బస్సు డ్రైవరు అద్దెకుండేవాడు. నలభై ఐదేళ్ల మనిషి, మాట తక్కువ. పొద్దుటి ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య మెట్ల మీద కూర్చుని గిటారు వాయించుకునేవాడు. ఒక మధ్యాహ్నం పిన్ని ఆరిన బట్టలు తీసుకుని డాబా మీంచి దిగుతూ అతని వెనకే నిలబడిపోయింది. చేతుల నిండా దుప్పట్లు. పాట అయిపోయేదాకా కదల్లేదు.

"తమ్ముడూ, కుడిచేతి వేళ్లు దేనికదే వేరుగా మీటుతున్నావు కదూ?"

"అవునక్కా. బొటనవేలు లావు తీగల మీద. మిగతా మూడు వేళ్లూ సన్న తీగల మీద, వేలికొకటి."

"అంటే నాలుగు వేళ్లతోనే ఇదంతానా! నాకు పదీ పనిచేస్తాయి. నేర్పవూ?"

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు దుప్పట్లు లేకుండా వచ్చి మెట్ల మీద కూర్చుంది.

చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మొదటి రోజే మాట విన్నాయి. విననిది బొటనవేలు. ముప్పై ఒక్క ఏళ్లు అది చేసిందల్లా మాటకీ మాటకీ మధ్య ఖాళీ కొట్టడమే. ఇప్పుడూ అంతే. మూడు వేళ్లూ గబగబా ఓ మాట పూర్తిచేశాక, అది నింపాదిగా వచ్చి లావు తీగని ఒక్కసారి తాకి వెళ్లిపోయేది.

"అక్కా, పనంతా చెయ్యాల్సిన మనిషి అతిథిలా వచ్చి పోతున్నాడు" అన్నాడు డ్రైవరు. "మిగతా వేళ్లు మర్చిపోండి. మూడు వారాలు ఇదొక్కటే. ఈ తీగ, ఆ తీగ. ఈ తీగ, ఆ తీగ. మనిషి నడిచినట్టుండాలి. బండి నడపడంలోనూ అంతేనక్కా, వేగం ఎవడైనా తీస్తాడు. ఒకే తీరుగా పోవడమే కష్టం."

అతనే తన పాత గిటారు ఒకటి ఇచ్చాడు. ఆ మూడు వారాలూ ఇంట్లో పొద్దస్తమానం ఢుం, ఢుం. కొట్టుకి వచ్చినవాళ్లు ఏ గోడగడియారమో గంట కొడుతోందనుకుని టైము చూసుకునేవాళ్లు. "అది అన్ని గంటలూ కొడుతుంది, పట్టించుకోకండి" అనేవాడు బాబాయి.

పిన్ని తనకు తెలిసిన దారిలోనే పోయింది. పాత మిషను తుడిచి, కొత్త రిబ్బను వేసి, పాఠాలు టైపు చేసుకుంది. వేలికో అక్షరం. నేను వెళ్లినప్పుడు గోడకి అంటించిన ఓ కాగితం చూశాను. బొ చూ బొ మ, బొ ఉ బొ మ అని నలభై వరసలు. ఒక్క కొట్టివేత లేదు. కింద తేదీ, పొడి సంతకం, 'సరిచూడబడినది' అన్న ముద్ర కూడా. ఆ ముద్ర ఆఫీసు నుంచి ఎలా వచ్చిందని అడిగితే, "దానికీ రిటైర్మెంటు వచ్చిందిలే" అంది.

గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించుకునే మనిషి, కుడిచేతికి రవ్వంత పెంచింది. తీగకి తగులుకుంటుంటే బాబాయి తన సన్న ఆకురాయి తెచ్చి, కంటికి భూతద్దం తగిలించుకుని, ఒక్కో గోరూ నున్నగా అరగదీసి పెట్టాడు. ఎగతాళి మాత్రం మానలేదు.

నాలుగో నెలలో ఓ సాయంత్రం నాతో మా ఆఫీసు కబుర్లు మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున మాట ఆపింది. లావు తీగల మీద బొటనవేలు నడుస్తూనే ఉంది. సన్న తీగల మీద మిగతా వేళ్లు ఏదో చిన్న పాట అల్లుతున్నాయి.

"చూడవే, చూడు! నేను కాదు, అదే వాయిస్తోంది."

కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఆపాలి. ఆపడం ఇష్టం లేక కన్నీళ్లని అలాగే కారనిచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎడమ మణికట్టు మొరాయించింది. ఏళ్ల తరబడి మిషను మీది కడ్డీని తోసి తోసి వరస మార్చిన చెయ్యి అది. ఇప్పుడు గిటారు మెడ చుట్టూ వంచేసరికి ఇంత లావున వాచింది. డాక్టరు పట్టీ కట్టి, రెండు నెలలు వంచడానికి వీల్లేదన్నాడు. గిటారు సంచీలోకీ, సంచీ బీరువా వెనక్కీ వెళ్లాయి. పిన్ని బల్ల మీద టైపు చెయ్యడం కూడా మానేసింది.

ఆ మౌనాన్ని మూడు రోజులు భరించాడు బాబాయి. నాలుగో రోజు మధ్యాహ్నం కొట్టు మూసి, ముందుగదిలో వచ్చినవాళ్లు కూర్చునే బెంచీని లోపలికి మోసుకొచ్చి, బీరువా వెనక చెయ్యి పెట్టాడు.

"కూర్చో. కుడి చెయ్యి నీది, ఎడమ చెయ్యి నాది."

"మీకేం వచ్చండీ?"

"నాకు రాదు. నా వేళ్లకి ఏది చెప్పినా వస్తుంది. పిలు మీ తమ్ముణ్ణి."

పిన్ని ఒళ్లో గిటారు. ఎడం పక్కన ఆనుకుని బాబాయి. మెడ సరిగ్గా ఆయన చేతికి అందింది. డ్రైవరు ఒక పట్టు చూపించాడు. ఏ వేలు ఏ తీగ మీద, మెడ మీది ఏ మెట్టుకి ఎంత దగ్గరగా. బాబాయి భూతద్దం తగిలించుకుని, వెంట్రుక లాంటి మరలు బిగించే వేళ్లతో నొక్కాడు. పిన్ని మీటింది. ఒక్క తీగ కూడా జీరబోలేదు. డ్రైవరు తెల్లబోయి, "అన్నగారూ, ఇది నాకు ఆరునెలలు పట్టింది" అన్నాడు.

గొడవంతా పట్టు మార్చేటప్పుడు వచ్చింది. ప్రతి వేలూ దాని చోట కుదిరేదాకా ఆయన ఒప్పుకోడు.

"కాస్త ఆగవే!"

"నేనాగుతానండీ, బొటనవేలు ఆగదు! ఆగకూడదని నాలుగు నెలలు నేర్పారు దానికి."

"దానికి నేర్పినవాణ్ణి అడుగు, మొగుడి కోసం ఆగచ్చేమో!"

డ్రైవరు నవ్వు ఆపుకోలేక బస్సుకి టైమైందని పారిపోయాడు. వారం రోజులు అలాగే పోట్లాడుకున్నారు. ఆ తర్వాత పిన్ని ఉపాయం కనిపెట్టింది. మార్పు వచ్చేముందు మోచేత్తో ఆయన్ని చిన్నగా పొడిచేది. ఇంకో మూడు వారాలకి పొడవడం కూడా అవసరం లేకపోయింది. ఎలా తెలుస్తోంది బాబాయ్ అంటే, "మీ పిన్ని ఊపిరి పీలుస్తుంది కదే" అన్నాడు, అదేదో అందరికీ వినిపించేదైనట్టు.

రెండు నెలలయ్యాక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన పిన్ని మణికట్టు అటూ ఇటూ తిప్పి, పూర్తిగా నయమైంది, ఏ పనైనా చేసుకోవచ్చన్నాడు. బయటికి వచ్చాక పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబాయి అడిగితే ఇంకో నెల విశ్రాంతి కావాలన్నారని చెప్పు."

"అబద్ధమా?"

"నెలేగా."

వచ్చి అలాగే చెప్పాను. బాబాయి ఏదో గడియారం పొట్ట విప్పి పెట్టుకుని ఉన్నాడు. తల ఎత్తకుండానే, "నిన్న పొద్దున నీళ్ల బిందె ఎడంచేత్తోనే ఎత్తింది, నేను చూళ్లేదనుకుని" అన్నాడు. గొంతు తగ్గించి, "నెల చాలుతుందా అని డాక్టర్ని అడగలేకపోయావా?" అన్నాడు.

ఇది జరిగి రెండేళ్లు. పిన్ని ఇప్పుడు తన రెండు చేతులతోనే మూడు పాటలు పూర్తిగా వాయిస్తుంది. డ్రైవరు మెచ్చుకుంటాడు, తప్పులూ చెప్తాడు. మొదట ఇద్దరూ కలిసి నేర్చుకున్న ఆ నిదానపు పాటని మాత్రం ఒంటరిగా వాయించగా నేను వినలేదు.

మొన్న ఆదివారం వెళ్లేసరికి కొట్టు ముందు ఒకాయన చేతిగడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి పాట వస్తోంది. ఆయన రెండుసార్లు బల్ల మీద తట్టాడు.

"కాస్త కూర్చోండి బాబూ!" లోపల్నుంచి బాబాయి కేకేశాడు. "చెయ్యి ఖాళీ లేదు!"

ఆయన నాకేసి చూశాడు. బెంచీ లోపలుంది కాబట్టి, ఇద్దరం గుమ్మం మెట్టు మీద కూర్చున్నాం.